కొప్పెరలో మనిషి

దారికి అడ్డంగా కూర్చున్న నర్సింహమ్మ చుట్టూ తెర మీద పచ్చగీత గీసి, పక్కన ‘బస్తా’ అని చూపించింది రోబో బండి.

అంకిత బండి మీదికి ఉరికింది. మనిషైతే ఆగాలి, బస్తా అయితే ముందున్న ఇనుప పలకతో పక్కకు నెట్టి పోవాలి. పటాన్‌చెరు దాణా గోదాంలో తిరిగే ఈ బండి న్యూరల్ నెట్‌వర్క్‌కు వేల ఫొటోలు చూపించి, ఒక్కోదానికి పేరు పెట్టి, తన బృందం నేర్పిన చదువు అదే.

బండిని ఆపే ఎర్ర బటన్ మీద అరచెయ్యి పడేసరికి పలక నర్సింహమ్మ వీపుకు జానెడు దూరంలో ఉంది.

"ఏందమ్మా, నీ బండికి కండ్లు లేవా? కనబడకపోవుడుకు నేనేమన్న పుల్లలెక్క ఉన్ననా?"

దుమ్ము పడకుండా ఆమె గోనెసంచిని మడిచి తలకు కొప్పెర వేసుకుంది. కర్దనూర్ నుంచి వచ్చి, నేల మీద కూర్చుని చిరిగిన సంచులు కుట్టే ఆడవాళ్లందరూ అంతే.

రెండో బండి! దానికీ ఇదే బుద్ధి. గోడ అవతల తిరుగుతోంది. అక్కడ దాణా మర మోతలో అరిచినా వినబడదు.

అంకిత పరుగెత్తింది. దాణా పొడిలో కాలు జారి పడింది, లేచింది. వరుస చివర నాలుగైదు కొప్పెరలు, అన్నీ అటు తిరిగి కూర్చున్నవే. బండి వాటి వైపే పోతోంది, వేగం తగ్గడం లేదు. అంకిత అడ్డంగా దూకింది. కొప్పెర లేని మనిషి కదా, బండి గుర్తుపట్టి టక్కున ఆగిపోయింది.

వెంటనే కంప్యూటర్ తెరిచి, బండికి నేర్పిన ఫొటోలు తీసింది. కొప్పెర వేసుకున్న ప్రతి మనిషికీ ‘బస్తా’ అనే పేరు. పొరపాటున ఒకటీ అరా తప్పుతాయి గానీ, ఇలా అన్నీ తప్పవు. పేర్లు పెట్టింది తన జూనియర్ ప్రవీణ్. అతను వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఎవరు మార్చిండ్రు ప్రవీణ్? నా మొకం చూసి చెప్పు."

అతను తల దించుకున్నాడు.

"నేనే అక్కా. మొదలు మనిషి అనే పెట్టిన. ఆళ్లు దారిల కూసున్నప్పుడల్లా బండి ఆగుతుండె. 'గిది బండా, మొండి ఎద్దా?' అని ఓనర్ అందరి ముందట ఎకసెక్కాలు. ఆడోళ్లను లేవమంటే లేవరు, కొప్పెర తియ్యమంటే దుమ్మంటరు. బస్తా అని పెడితే ఇగ ఆగదు, పలక తాకితే ఆళ్లే జరుగుతరు అనుకున్న. తెల్వక చేసింది కాదక్కా. ఫొటోలల్ల కొప్పెర లోపల నర్సింహమ్మ కండ్లు నాకు సాఫ్‌గ కనబడ్డయ్. చూసుకుంటనే బస్తా అని కొట్టిన."