హలసూరు పురుడు

తాలూకా అమల్దారు కచేరిలో గుమాస్తా అడిగిన మొదటి ప్రశ్నకు ఓబళప్ప నిజం చెప్పాడు. చిక్కు అక్కడ మొదలైంది.

ఎక్కడ పుట్టావని గుమాస్తా కన్నడంలో అడిగాడు. బెంగుళూరులో అన్నాడు ఓబళప్ప. బెంగుళూరులో ఎక్కడ అని గుమాస్తా మళ్లీ అడిగాడు. హలసూరులో, అమ్మమ్మ ఇంట్లో అన్నాడు ఓబళప్ప. గుమాస్తా కలం పక్కన పెట్టి, దరఖాస్తు మడిచి వెనక్కి ఇచ్చాడు. హలసూరు మైసూరు రాజ్యంలో లేదు అన్నాడు.

ఆ సంగతి ఓబళప్పకు తెలియకపోలేదు. అది 1946. అప్పటికి బెంగుళూరు రెండుగా ఉండేది. పడమట ఉన్న సిటీ, దాని పేటలు మహారాజువి. తూర్పున ఉన్న దండు, అంటే కంటోన్మెంటు, ఇంగ్లీషు వాళ్లది. హలసూరు అందులోది. రెండింటి మధ్య ఒక తోట ఉంది గాని గోడ లేదు. హలసూరు నుంచి పూలు అమ్మేవాళ్లు తెల్లవారి సిటీ మార్కెట్టుకు వచ్చి మధ్యాహ్నానికి తిరిగి వెళ్లేవాళ్లు. వాళ్లెవరూ ఒక దేశం దాటి ఇంకో దేశానికి వెళ్తున్నామని అనుకోలేదు. కబ్బన్ పేటలో పెరిగి, అక్కడే బడికి వెళ్లి, అక్కడే మగ్గం నేర్చుకున్న ఓబళప్ప కూడా అనుకోలేదు.

యుద్ధం రోజుల్లో అతను దండులో ఒక మిలిటరీ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశాడు. యుద్ధం అయిపోయాక వర్క్‌షాపు చాలామందిని ఇంటికి పంపింది. మళ్లీ మగ్గం ఎక్కుదామంటే నూలు దొరకడం లేదు. దొరికినవాళ్లు తమ పిల్లలకే పని చాలదంటున్నారు. అటువంటప్పుడు మైసూరు సర్కారు వాళ్ల ఒక కార్ఖానాలో ఫిట్టర్లు కావాలని తెలిసి పరీక్షకు వెళ్లాడు. ఇనుప ముక్క ఇచ్చి ఆకురాయితో నునుపు చేయమన్నారు, చేశాడు. ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా వచ్చి చేరాలని, వచ్చేటప్పుడు మైసూరు ప్రజ అని అమల్దారు ఇచ్చిన సర్టిఫికెట్ తేవాలని అందులో ఉంది. తల్లి అంజినమ్మకు ఆ ఉత్తరం చదివి వినిపించాడు. ఆమె దాన్ని దేవుడి పటం ముందు పెట్టింది.

మైసూరు ప్రజ కావాలంటే మనిషి రాజ్యంలో పుట్టి ఉండాలి, లేదా అతని తండ్రి పుట్టి ఉండాలి అని గుమాస్తా చెప్పాడు. ఓబళప్ప తండ్రి నరసింహప్ప హిందూపురం పక్క పల్లెలో పుట్టాడు. అది మద్రాసు వాళ్ల కింద ఉంది. తల్లిని వెంటబెట్టుకుని కబ్బన్ పేటకు వచ్చి, అద్దె ఇంట్లో ఇంకొకరి మగ్గం నేసి, అక్కడే పోయాడు. అతను వచ్చినట్టుగాని, ఉన్నట్టుగాని కాగితం లేదు.

ఓబళప్ప రేషను కార్డు చూపించాడు. రేషను కార్డు కడుపు కోసం ఇచ్చేది, మనిషి ఎవరని అది చెప్పదు అన్నాడు గుమాస్తా. బడి సర్టిఫికెట్ చూపించాడు. చదివావని ఉంది గాని పుట్టావని లేదు అన్నాడు. అలాగైతే నేను ఎవరి ప్రజనని ఓబళప్ప అడిగాడు. దండు వాళ్లను అడగమన్నాడు.

దండులోని ఆఫీసులో మొదటి రోజు సాహేబు లేడు. రెండోసారి వెళ్లినప్పుడు ఉన్నాడు గాని ఆ పని ఆయనది కాదు. మూడోసారి పని తెలిసిన మనిషి దొరికాడు. నువ్వు ఉండేది సిటీలో, రేషను సిటీలో, మాకు నీతో ఏమీ సంబంధం లేదు అన్నాడు. ఆ మాటే రాసిమ్మని ఓబళప్ప పట్టుబట్టాడు. ఆ మనిషి విసుక్కుంటూ, ఇతను ఇక్కడి నివాసి కాడని ఇంగ్లీషులో రెండు వరుసలు రాసి ముద్ర వేశాడు.

ఆ చీటీ పట్టుకుని ఓబళప్ప తోట మధ్యలోంచి దాదాపు పరుగున వచ్చాడు. గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు. నువ్వు వాళ్ల మనిషివి కాదని ఉంది, మా మనిషివని ఎక్కడ ఉంది అని అడిగాడు. ఓబళప్ప ముద్రను చూపుడువేలితో చూపించాడు. ముద్ర బాగుంది అన్నాడు గుమాస్తా. తర్వాత కాస్త గొంతు తగ్గించి, తల్లి ఉంటే తీసుకురా, ఆమె ప్రమాణం చేసి ఎక్కడ కన్నానంటే అక్కడ కన్నట్టు అన్నాడు.

కచేరి వరండాలో అర్జీలు రాసే మునినారాయణప్ప ఉండేవాడు. కోలారు వైపు మనిషి. ముందర చిన్న పెట్టె, దానిమీద సిరాబుడ్డి. ఓబళప్ప రావడం పోవడం అతను కొన్నాళ్లుగా చూస్తున్నాడు. పిలిచి కూర్చోబెట్టాడు. కథంతా విని తల కొట్టుకున్నాడు.

"నిన్ను ఎవురడిగినారప్పా హలసూరని చెప్పమని? బెంగుళూరంటే సాలదా?"

"యాడ అని అడిగినాడు గదా."

"అడిగితే? పుట్టేటప్పుడు నువ్వు చూసినావా, ఇది హలసూరు, ఇది కబ్బన్ పేట అని? చూసింది మీయమ్మ. ఆయమ్మ కబ్బన్ పేట అంటే కబ్బన్ పేటే."

గుమాస్తా దరఖాస్తు వెనక్కి ఇచ్చాడు కాబట్టి కచేరిలో పాత మాట ఏదీ నిలవలేదని అతను చెప్పాడు. పుట్టినప్పుడు ఎవరైనా ఎక్కడైనా రాయించారా అని అడిగాడు. లేదన్నాడు ఓబళప్ప. మంచిదన్నాడు మునినారాయణప్ప. పెట్టె మీద కాగితం పరిచి అంజినమ్మ పేరుతో కన్నడంలో ప్రమాణపత్రం మొదలుపెట్టాడు. నాలుగు వరుసలు రాసి ఆగాడు.

తొలి కాన్పు కదా అన్నాడు. అవునన్నాడు ఓబళప్ప. తొలి కాన్పు మెట్టినింట్లో జరిగిందంటే ఏ అమల్దారు నమ్ముతాడు, ఆయన ఇంట్లోనూ ఆడవాళ్లు ఉంటారు కదా అన్నాడు మునినారాయణప్ప. కారణం రాయాలి. పుట్టింటి వాళ్లు లేరని రాస్తే, ఉన్నారని తెలిసినప్పుడు మునిగిపోతాం. అందుకని కాస్త ఆలోచించి ఈ వాక్యం చేర్చాడు. పుట్టింటివారు పేదరికంచేత తొలి కాన్పునకు నన్ను పిలుచుకుపోనందున మెట్టినింటనే ప్రసవించితిని.

చదివి వినిపించి, ఎట్లుండాది అని అడిగాడు. బాగుందన్నాడు ఓబళప్ప. అది ఎటువంటి మాటో అతనికి తెలుసు. అమ్మమ్మ మునివెంకటమ్మ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని హలసూరులో పూలు కట్టి అమ్ముకుంటూ కూతుర్ని పెంచింది. పెళ్లి మాటలప్పుడే నరసింహప్ప తల్లి, ఆ ఇంట్లో పురుడు పోసే దిక్కు ఉందా అని పదిమందిలో అంది. ఆ మాట అంజినమ్మ కొడుకుకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ, తర్వాత తన తల్లి ఏం చేసిందో కూడా చెప్పేది.

ఆ సాయంత్రం అంజినమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. పక్కింటివాళ్ల నూలు అది. ఓబళప్ప సంగతి చెప్పాడు. హలసూరు బదులు కబ్బన్ పేట అనాలి, అంతే అన్నాడు. కారణం రాసిన వాక్యం సంగతి చెప్పలేదు. పేజీలో ఒక వరుస, అమల్దారు చూసీ చూడనట్టు సంతకం పెడతాడు, ఆమెకు తెలియనే తెలియదు అనుకున్నాడు.

అంజినమ్మ రాట్నం ఆపలేదు. ఊరు పేరు మారిస్తే పని ఇస్తారా అని అడిగింది. ఇస్తారన్నాడు.

"కాశీలో కన్నానని చెప్పమన్నా చెప్తానురా," అంది. "నీకు పని రావాల, అంతే."

మర్నాడు ఆమె పెట్టెలోని చీర తీసి కట్టుకుని వచ్చింది. కచేరిలో మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. గుమాస్తా కాగితం చూసి తల ఊపి లోపలికి పంపాడు. అతని ముఖంలో మొదటిసారి విసుగు లేకపోవడం ఓబళప్ప గమనించాడు.

అమల్దారుకు తెలుగు వచ్చు. నిలబడి కాళ్లు నొచ్చినట్టున్నాయి, కూర్చోమ్మా అన్నాడు. ఆమె కూర్చోలేదు. చదవడం రానివాళ్ల చేత వేలిముద్ర వేయించే ముందు కాగితం వాళ్లకు చదివి వినిపించాలని నియమం ఉంది. చాలామంది అధికారులు దాన్ని పట్టించుకోరు. ఈయన పట్టించుకున్నాడు. కన్నడంలో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ మొదటినుంచి చదివాడు. పేరు, భర్త పేరు, ఉండే ఇల్లు. ప్రతిదానికీ ఆమె ఔను సామీ అంది. తర్వాత ఆ వాక్యం వచ్చింది.

అంజినమ్మ ఔననలేదు. అమల్దారు కాగితం మీదనుంచి తల ఎత్తాడు. ఓబళప్ప నేల చూస్తున్నాడు.

"నిజమేనామ్మా? పుట్టింటోళ్లు పిలవనే లేదా?" అని అడిగాడు అమల్దారు. ఆ గొంతులో అనుమానం లేదు. జాలి ఉంది.

"సామీ," అంది అంజినమ్మ. "నా కొడుకు యాడ పుట్టినాడని రాసుకున్నా నాకు ఒప్పుదలే. మాయమ్మ నన్ను పిలుచుకోని పోలేదనే మాట మాత్రం కొట్టేయండి."

"అది కొట్టేస్తే పిలుచుకోని పోయినట్టు గదమ్మా?"

"పోయింది సామీ. ఏడో నెల్లోనే జట్కా కట్టించుకోని వచ్చి, మా అత్త ముందర నాకు గాజులు తొడిగిచ్చి పిలుచుకోని పోయింది. మంత్రసాని చిక్కమ్మను పదిరోజులు ఇంట్లోనే పెట్టుకున్నింది. మూడో నెల దాకా నన్ను కాలు కింద పెట్టనీలేదు."

ఓబళప్ప అమ్మా అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. నల్లపూసల దండ వేసి బిడ్డను పంపిన సంగతి కూడా చెప్పింది. అమల్దారు చివరిదాకా విన్నాడు. కాగితాన్ని ఆమె వైపు గాక ఓబళప్ప వైపు జరిపాడు. అబద్ధపు ప్రమాణం కింద కేసు పెట్టవచ్చునని, పెట్టడం లేదని చెప్పాడు. బయటికి పొమ్మన్నాడు.

వరండాలో మునినారాయణప్ప వాళ్ల ముఖాలు చూసి, చేతిలోని కాగితం చూసి అర్థం చేసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నానని, రాసిన మాటకు రాయించిన మనిషే అడ్డం తిరగడం ఇదే మొదటిసారని అన్నాడు. ఓబళప్ప తల్లి వైపు తిరిగాడు.

"ఒక్క మాట, అమ్మా. ఔనంటే అయిపోయేది. నెలాఖరు వచ్చేసె. ఇంగ నేను యాడికి పోవాల? దండోళ్లు పొమ్మంటారు, ఈళ్లు పొమ్మంటారు."

"ఊరు మార్చమంటివి, మారుస్తానని వచ్చినా," అంది అంజినమ్మ. "మాయమ్మను దిక్కులేనిదాన్ని చేస్తావని నాకు చెప్పినావా?"

"కాయితం మీద మాట అది."

"కాయితం మీద లేనిదానికే గదా నిన్ను ఇన్నాళ్లు తిప్పినారు. ఉంటే అది నిజమే అవుతాది. రేపు మా అత్త అన్నదే నిజమని కచేరీలో ఉంటాది."

ఓబళప్ప మెట్లు దిగి ఎండలోకి వెళ్లాడు. వీధి చివరిదాకా వెళ్లి నిలబడ్డాడు. వెళ్లడానికి ఎక్కడా పని లేదు. జట్కావాడు హలసూరా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి తిరిగి వచ్చేసరికి తల్లి మెట్టు మీద కూర్చుని ఉంది. మునినారాయణప్ప ఆమెకు మంచినీళ్లు ఇచ్చాడు.

మహారాజు హుజూరుకు నేరుగా అర్జీ పెట్టవచ్చా అని ఓబళప్ప అడిగాడు. పెట్టవచ్చు, జవాబు వచ్చేసరికి పని ఇంకొకరికి పోతుంది అన్నాడు మునినారాయణప్ప.

"ఇప్పుడు మాత్రం ఉండాదా ఏమి? రాయి."

"పుట్టిన ఊరు ఏమని రాసేది?"

"హలసూరు."

మునినారాయణప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సిరాబుడ్డి మూత తీశాడు. తండ్రి వచ్చిన ఊరు, పెరిగిన పేట, చదివిన బడి రాశాడు. దండు ఆఫీసు ఇచ్చిన చీటీని జత చేశాడు. పుట్టుక దగ్గరికి వచ్చేసరికి అంజినమ్మ మెట్టు మీదనుంచి, మాయమ్మ పేరు రాయప్పా అంది. రాశాడు. ఏడో నెలలో వచ్చి పిలుచుకుపోయిందని రాయమంది. ఇది హుజూరుకు పోయే అర్జీ, సీమంతం పత్రిక కాదు అన్నాడు మునినారాయణప్ప. ఓబళప్ప వైపు చూశాడు. అక్కర్లేదని అతను అంటాడనుకున్నాడు.

రాయమన్నాడు ఓబళప్ప. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం తల్లిని వెనక వదిలి ముందు నడిచాడు.

నెలాఖరు గడిచాక కార్ఖానాలో ఆ పని జాబితాలో తర్వాతి మనిషికి ఇచ్చారని తెలిసింది. వానలు తగ్గాక హుజూరు నుంచి జవాబు వచ్చింది. ఈ విషయమై అర్జీదారు సంబంధిత అమల్దారు కచేరిలో విచారించుకోవలసిందని అందులో ఉంది. ఓబళప్ప దాన్ని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి తల్లికి చదివి వినిపించాడు.

మాయమ్మ గురించి ఏమన్నా అన్నారా అని అంజినమ్మ అడిగింది.

ఏమీ అనలేదన్నాడు.

సరే అంది ఆమె, కండె మార్చి రాట్నం తిప్పింది.