ఆషాఢంలో పెళ్ళి

దారం కొసను పంటి కింద బిగబట్టి, రెండు చేతులతో కత్తెరలా ఆడిస్తూ శోభ, మంజుష ఎడమ కనుబొమ్మను సన్నగా తీరుస్తోంది. ఏళ్ళ తరబడి ఒకేచోట దారం రాసుకుని ఆమె ముందుపంటికి చిన్న గాడి పడింది. నవ్వితే అది కనిపిస్తుంది. శోభ ఎక్కువగా నవ్వదు కాబట్టి ఆ సంగతి చాలామందికి తెలియదు.

బీదర్ బజారు వెనక సందులో, వెంకట్‌రావు సేట్ కిరాణా గోదామును ఆనుకుని ఉన్న చిన్న గది అది. ఒక అద్దం, ఒక తిరిగే కుర్చీ, గుమ్మానికి ఆకుపచ్చ పరదా, దాని పక్కన మగవారికి ప్రవేశం లేదని ఒక బోర్డు. గోనెల్లోని పసుపు వాసన గోడ దాటి వచ్చి పౌడరు వాసనలో కలుస్తుంటుంది. గది సేట్‌ది. కుర్చీలో కూర్చున్న పిల్ల ఆ సేట్ కూతురు, తల్లి లేని ఒక్కగానొక్కది. ఆ పిల్ల వచ్చి కూర్చున్నప్పటి నుంచి శోభ చేతులు చల్లబడి ఉన్నాయి.

శోభ పుట్టు భయస్తురాలు. మన్నళ్ళిలో చిన్నప్పుడు ఉరిమితే గడ్డివాములో దూరేది. పెళ్ళయ్యాక అత్తకు జడిసింది. భర్త సిద్ధప్ప కొల్హార్‌లో ఫ్యాక్టరీ పని చేసేవాడు. ఓ సాయంత్రం నూనె రాసుకుని, నున్నగా పాపిట తీసుకుని, "హైద్రబాద్ వోయి రేపొస్త" అని వెళ్ళాడు. ఆ రేపు ఇంకా రాలేదు. అప్పటి నుంచి తల దువ్వుకుని రేపొస్తానని చెప్పే ప్రతి మనిషంటే ఆమెకు గుండెల్లో గుబులే. అలాంటి మనిషికి, నలుగురిని ముస్తాబు చేసి బయటికి పంపే పనే దొరికింది చూడండి.

పొద్దున ఇద్దరు టీచర్లకు కనుబొమ్మలు తీసింది, ఒక పెద్దావిడ జుట్టుకు గోరింటాకు పట్టించింది. అంతవరకూ అన్ని రోజుల్లాంటి రోజే. మధ్యాహ్నం మంజుష పెద్ద సంచీతో వచ్చింది. సంచీలో పైన పట్టుచీర, దాని మీద బంగారు కాగితం చుట్టిన గిఫ్టు ప్యాకెట్టు, అడుగున మోకాళ్ళ దాకా కూడా రాని నల్ల చమ్కీల గౌను.

"రాత్రికి డాన్సు క్లబ్బుకు వోతున్న అక్కా. శ్రద్ధ వాళ్ళు కార్ల వస్తుండ్రు. పొద్దుగాల నీ తానకే వచ్చి, మొఖం కడుక్కొని, చీర గట్టుకొని ఇంటికి వోత. నాయినకు దోస్తు పెండ్లని జెప్పిన."

శోభ చేతిలో దారం పుటుక్కున తెగింది.

"పెండ్లా? ఆషాఢంలనా?"

మంజుష కళ్ళు తెరిచింది.

"నీ లగ్గం శ్రావణందాంక ఎందుకాగింది పాపా? ఆషాఢమనే గద, మీ నాయిననే ఆపిండు!"

అద్దంలో పిల్ల ముఖం తెల్లబోయింది. "నాకు యాదికే రాలే అక్కా."

"సేట్ ఏమన్నడు?"

"ఏమనలే. సరే అన్నడు. ఈ గిఫ్టు గూడ తనే కట్టిచ్చిండు."

సేట్‌కు ఆషాఢమని తెలియకుండా ఉంటుందా? ప్రతి ఉగాదికీ దుకాణంలో పంచాంగాలు అమ్మే మనిషి వెంకట్‌రావు. ఆయన అరిచే రకమైతే ఇంత భయం లేదు. పోయిన ఏడు గుమాస్తా ఏదో తప్పు చేస్తే సేట్ ఒక్క మాట అనలేదు. మర్నాడు గల్లా దగ్గర కొత్త మనిషి కూర్చున్నాడు. ఆయన కూతురిని క్లబ్బుకు తయారుచేసి పంపిందని తెలిస్తే ఈ గది తనకు ఉంటుందా? ఈ వయసులో అద్దమూ కుర్చీ మోసుకుని ఎక్కడికి పోవాలి?

"వద్దు పాపా. నీ కాల్మొక్త, గీ ముచ్చట ఇడిసిపెట్టు."

"శ్రావణం దాటితే లాతూర్ల అత్తగారింట్ల ఉంట. అప్పుడెవరు పంపుతరక్కా? ఒక్కపారి జూస్త. నాక్కూడ భయమైతుంది, ఇగో జూడు." మంజుష తన చెయ్యి శోభ చేతిలో పెట్టింది. అదీ చల్లగానే ఉంది. శోభ ఇక కాదనలేకపోయింది.

మంజుష ఫోన్‌లో చూపిన ముస్తాబు బొమ్మ చూసుకుంటూ పని మొదలుపెట్టింది. కళ్ళ చుట్టూ పొగబారినట్టు నలుపు దిద్దింది. జడ విప్పి, వేడి ఇస్త్రీపట్టెతో వంకీల జుట్టును తిన్నగా సాగదీసింది. పెదవులకు ముదురెరుపు వేస్తుంటే గీత రెండుసార్లు పక్కకు పోయింది. తుడిచి మళ్ళీ వేసింది. గౌను వేసుకుని లేచి నిలబడ్డ మంజుష అద్దంలోకి చూసి తనే ఉలిక్కిపడింది. చాలా అందంగా ఉంది. ఆ అందానికే శోభకు మరింత భయమేసింది. పెళ్ళికూతుళ్ళకు పెట్టే అలవాటు కొద్దీ చెవి వెనక దిష్టిచుక్క పెట్టింది.

సందు మొదట్లో కారు హారన్ మోగింది. పరదా సందులోంచి చూస్తే ముందు సీట్లో శ్రద్ధ, స్టీరింగు దగ్గర ముక్కూమొహం తెలియని కుర్రాడు.

"రేపొస్త అక్కా!" అంది మంజుష.

శోభ పరదా అంచు పట్టుకునే నిలబడింది. కారు మలుపు తిరిగాక వాన మొదలైంది. రాలిన వెంట్రుకలు ఊడ్చి వెనక్కి తిరిగేసరికి పట్టుచీర, దాని మీద గిఫ్టు ప్యాకెట్టు స్టూలు మీదే ఉన్నాయి.

దీపాలు పెట్టే వేళకు పరదా కింద తడిసిన చెప్పులు వచ్చి ఆగాయి. ఎవరివో శోభకు తెలుసు. తల మీదికి కొంగు లాక్కుంది. వేళ్ళకంటిన ఎరుపు కొంగుకే తుడుచుకుంది.

"శోభమ్మా. పాప వోయిందా?"

"వోయింది సేట్... పెండ్లికి."



"ఆషాఢంల పెండ్లెవరు జేస్తరమ్మా? పంచాంగాలమ్ముకునేటోనికి జెప్పవడితిరి."

శోభ వెనక్కి జరిగింది. కుర్చీ పట్టుకుంటే అది గిర్రున తిరిగింది. "తప్పయింది సేట్. వద్దనే జెప్పిన. గది ఖాళీ జెయ్యమంటే రేపే..."

"గది ముచ్చట ఎవరడిగిండ్రు? ఆ గౌను పార్సిల్ దుకాణానికే వచ్చింది. ఒక పక్క చినిగి చమ్కీలు రాలుతుండె. అప్పుడే జూసిన."

"మరెందుకు పోనిచ్చిండ్రు?"

"అడ్డం వడితే ఇంకోపారి మంచిగ అబద్ధమాడ నేరుస్తది. అప్పుడు యాడికి వోయిందో నాకు ఎర్కనే గాదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఫోన్ జేస్తే ఎత్తుతలేదమ్మా. భయమైతుంది."

ఆ మాట ఎవరి నోటివెంట వచ్చినా గుర్తుపట్టగలదు శోభ. బతుకంతా ఆ ఒక్క మాటతోనే గడిపిన మనిషి. ఏమనుకుంటాడోనన్న ఆలోచన కూడా లేకుండా పరదా పక్కకు లాగింది. సేట్ లోపలికి రాలేదు, బోర్డు పక్కనే నిలబడ్డాడు. ఆయన చూపు స్టూలు మీద పడింది.

"అది ఇడిసిపెట్టి వోయిందా?"

"పెండ్లే లేకపాయె, గిఫ్టెందుకు అనుకున్నదేమో సేట్."

"అండ్ల వాళ్ళమ్మ శాలువ వెట్టిన." సేట్ గడ్డం కింద వాననీరు కారుతోంది. "ఇచ్చేతందుకు పెండ్లి లేదు గద, కార్లనే ఇప్పి జూస్తది అనుకున్న. ఇప్పితే నాకు తెల్సని దానికి తెలుస్తుండె. ఆ గౌను మీద కప్పుకుంటుండె."

 ఇంతసేపూ మడిచి పట్టుకున్న గొడుగును ఆయన అప్పుడు విప్పాడు.

"పొద్దుగాల వస్తే ఇయ్యి. నేనొచ్చిన్నని జెప్పకు."

పొద్దుగాల వస్తే అన్నాడు సేట్. వచ్చినంక అనలేదు. ఆ తేడా శోభ చెవిలోనే ఉండిపోయింది. రోజూలా అద్దం మీద గుడ్డ కప్పలేదు, బయటి లైటు ఆర్పలేదు, ఇంటికీ పోలేదు. తిరిగే కుర్చీలో గుమ్మం వైపు తిరిగి కూర్చుంది. స్టూలు మీద, 'నూతన వధూవరులకు శుభాకాంక్షలు' అని అచ్చేసిన బంగారు కాగితంలో, ఆ శాలువా మడత విప్పకుండా అలాగే ఉంది.