మంచు కదా

"టైరంటే టైరే. నల్లగా గుండ్రంగా ఉంటుంది. దానిక్కూడా రీసెర్చేంటి ఉదయా?" అన్నాడు ద్వారకానాథ్, దోసె ముక్క చట్నీలో ముంచుతూ. ఉదయలక్ష్మి పెనం మీద ఇంకో దోసె తిరగేసింది. అత్తగారు శేషుకుమారి నవ్వింది. కూతురు రుచిత ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే నవ్వింది. అందరూ నవ్వుతుంటే తనొక్కతే మొహం ముడుచుకుంటే ఏం బాగుంటుందని ఉదయలక్ష్మి కూడా నవ్వేసింది.

ఆమె మంత్రసాని. ఈ దేశంలో మిడ్‌వైఫ్ అంటే ఎంతో గౌరవం గానీ, ఇంట్లో మాత్రం ద్వారకానాథ్ ఫోన్లో బంధువులకు "మా ఆవిడ నర్సేలే" అనే చెబుతాడు. కాన్‌బెర్రాలో పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేసి, ఆ ఏడు వేసవి చివర్లో ఇంకో ఉద్యోగం తెచ్చుకుంది. కూమా అనే ఊరు దాటాక కొండల్లో ఉండే చిన్న చిన్న ఊళ్ళలో కొత్తగా కన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి తల్లినీ బిడ్డనూ చూసి రావాలి. సొంత కారుండాలి, మంచులో నడిచేదై ఉండాలి, అదీ షరతు. వార్డులో ఆడవాళ్ళు మంచం నంబర్లు. ఇక్కడైతే వాళ్ళ వంటగదిలో కూర్చోవచ్చు, బిడ్డను ఒళ్ళో వేసుకోవచ్చు, తల్లి ఏడిస్తే ఆ ఏడుపు పూర్తయ్యేదాకా ఆగవచ్చు. ఎవరికీ చెప్పుకోని కారణం ఇంకొకటుంది. మొనారో హైవే మీద గంటకు పైగా ఒంటరి ప్రయాణం. రెండు పక్కలా ఎండిన గడ్డి కొండలు. కత్తెర ఎక్కడుంది, చార్జర్ ఎక్కడుంది అని అడిగేవాళ్ళు లేని గంట. ఆ గంట తనకెంత ఇష్టమో తలుచుకుంటేనే ఏదో దొంగతనం చేసినట్టుండేది.

ఇంట్లో ఎవరూ ఉద్యోగం వద్దనలేదు. వద్దని ఉంటే పోట్లాడేదేమో. "చేసుకోమ్మా, నేనేమన్నా కాదన్నానా? ఉన్న ఊళ్ళో ఆసుపత్రులు లేనట్టు ఆ కొండలెక్కడం దేనికా అని" అంది శేషుకుమారి. "యూ మిస్డ్ మై రిహార్సల్ అమ్మా. ఇట్స్ ఫైన్" అంది రుచిత. ఆ 'ఇట్స్ ఫైన్' ఉదయలక్ష్మిని రెండు రోజులు వదల్లేదు. అందుకని ఇంకా చీకటుండగానే లేచి రెండు కూరలూ పప్పూ చేసి, అత్తగారి మాత్రలు డబ్బాలో సర్ది, రుచిత యూనిఫాం ఇస్త్రీ చేసి బయల్దేరేది. సుఖపడుతున్నందుకు జరిమానా చెల్లిస్తున్నట్టుగా చేసేది.

కారు సంగతి మాత్రం ఆమె శ్రద్ధగానే పట్టించుకుంది. కడుపుతో ఉన్న మనిషి కేసు షీటు చదివినట్టు చదివింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కారైతే మంచులో కదలగలదు. కానీ కదలడం ఒకటి, ఆగడం ఒకటి. ఆపేది టైరు. మామూలు టైరు రబ్బరు చలికి బిగుసుకుపోయి జారుతుంది. చలికాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉండి, దాని మీద ఉన్న సన్నటి గాట్లు మంచును కరిచి పట్టుకుంటాయి. ఆ టైరు పక్కన కొండ బొమ్మ, కొండ లోపల మంచుపువ్వు బొమ్మ ఉంటాయి. ఇక్కడ అవి అడగ్గానే దొరికేవి కావు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. ఇవన్నీ చూసుకుని, కాస్త ఎత్తుగా ఉండే చిన్న వ్యాగన్ కారు ఒకటి, ఎవరో వాడి అమ్ముతున్నది, ఎంచుకుంది.

"దాంట్లో అమ్మ ఎక్కి దిగలేదు ఉదయా" అన్నాడు ద్వారకానాథ్. "గుళ్ళో పార్కింగ్‌లో చూడు, మనవాళ్ళందరివీ ఎస్‌యూవీలే. అయినా కారంటే ఇంటికి గానీ నీ ఒక్కదాని కోసమా?"

నీ ఒక్కదాని కోసమా. ఏ ఇంట్లోనైనా ఆడదాని నోరు మూయించడానికి ఆ మాట చాలు. శనివారం అందరూ కలిసి షోరూంకి వెళ్ళారు. తెల్లగా మెరుస్తున్న పెద్ద కారు, వెడల్పాటి చక్రాలు, వాటికి పట్టీలా అంటుకున్న పల్చటి టైర్లు. "నడిపేది మా ఆవిడే" అన్నాడు ద్వారకానాథ్ ఉదారంగా. "హ్యాపీ వైఫ్, హ్యాపీ లైఫ్" అన్నాడు సేల్స్‌మన్. ఉదయలక్ష్మి ఒకే ఒక ప్రశ్న అడిగింది. "ఇది టూ వీల్ డ్రైవా?" సేల్స్‌మన్ ద్వారకానాథ్ వైపు తిరిగి జవాబు చెప్పాడు, "చక్రాలు జారకుండా ట్రాక్షన్ కంట్రోల్ ఉంది మేట్, నో వర్రీస్." కారు ఆమె ఉద్యోగానికి కాబట్టి కాగితాలు ఆమె పేరున రాశారు. ఆమె సంతకం పెట్టింది. రెండు చక్రాలకే ఇంజను బలం అందుతుందని తెలిసీ పెట్టింది.

పోనీ మంచులో జారకుండా టైర్లకు చుట్టే చైన్లయినా కొని పెట్టుకుందామని కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చూస్తే, ఆ సైజు చక్రాలకు చైన్లు తొడగకూడదని రాసి ఉంది. ద్వారకానాథ్‌కి చూపించింది. "అవి రాసేది లాయర్లు. భయపెట్టకపోతే వాళ్ళకు గడవదు. ఇదేమన్నా కెనడానా?" అని నవ్వాడు. జూన్‌లో చలికాలం మొదలై పొలాల మీద తెల్లగా గడ్డకట్టిన మంచు కనపడినప్పుడు, చక్రాలు చిన్నవి వేయించి చలికాలపు టైర్లు తెప్పిద్దామని మళ్ళీ అడిగింది. "ఈ వింటర్ చూద్దాంలే" అన్నాడు. మొదటిసారి అడిగితే అడగడం. రెండోసారి గుర్తుచేయడం. మూడోసారి అడిగితే సాధింపు. ఉదయలక్ష్మి రెండోసారి దగ్గర ఆగిపోయింది.

జూలైలో అనన్యకు కాన్పయింది. నిజామాబాద్ పిల్ల, యూనివర్సిటీలో చదువుకి వచ్చి ఇక్కడే నిలబడిపోయింది. భర్త పవన్ పైన మంచు రిసార్టులో వంటవాడు. బెరిడేల్ ఊరు దాటాక ఒక పొలం పక్కన అద్దెకు తీసుకున్న చిన్న ఇల్లు. మొదటి కాన్పు. "మా అమ్మకి వీసా రాలేదక్కా. ఇగ మీరే దిక్కు" అంది నెలలు నిండుతున్నప్పుడే. బిడ్డతో ఇంటికొచ్చాక ఉదయలక్ష్మి ఒకసారి వెళ్ళి చూసింది. పాలు పడుతున్నాయి, బిడ్డ చక్కగా లాగుతోంది, అంతా బాగుంది. మళ్ళీ గురువారం వస్తానని చెప్పింది.

గురువారం తెల్లవారేసరికి కొండల్లో మంచు పడింది. "రోడ్డు క్లియర్ చేస్తారులే, వెళ్ళిరా" అన్నాడు ద్వారకానాథ్. కూమా దాకా బాగానే వెళ్ళింది. అక్కణ్ణించి వాన తుంపర మెల్లగా తెల్లటి రేకులైంది. బెరిడేల్ దాటి చిన్న రోడ్డెక్కి, ఎత్తు మొదలయ్యేచోట కారు ఆమె మాట వినడం మానేసింది. స్టీరింగ్ ఒకవైపు తిప్పితే బండి ఇంకోవైపు, నెమ్మదిగా, తొందరేం లేనట్టు, పక్కకి జారుకుంటూ పోయి కంచె తీగకు ఆనుకుని ఆగింది. దెబ్బేం తగల్లేదు. వైపర్లు ఆడుతూనే ఉన్నాయి. అనన్య ఇల్లు ఆ ఎత్తు పైన, కనపడేంత దూరంలోనే ఉంది. పొగగొట్టంలోంచి పొగ కూడా కనిపిస్తోంది. నడిచి వెళ్ళలేనంత దూరమా అని తరవాత ఎన్నిసార్లు తనను తాను అడుగుతుందో అప్పుడు ఆమెకు తెలియదు.

ఫోన్ చేసింది. "ఎట్లా ఉన్నావు అనన్యా?"

"మంచిగనే ఉన్నక్కా. జర సలి వెడ్తుంది. మంచు కదా."

"వణుకుతున్నావా?"

"అవునక్కా, పొద్దుగాల్నుంచి. పవన్ పైన్నే ఉండిపోయిండు, రోడ్డు బంద్ చేసిండ్రంట."

"థర్మామీటర్ ఉందా?"

"లేదక్కా. తెస్తా అన్నడు గానీ..."

"సరే, హీటర్ పెంచుకుని దుప్పటి కప్పుకో. వేడిగా ఏమన్నా తాగు. రేపు పొద్దున్నే వస్తాను. ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యి."

"ఏం లేదక్కా. మీరు పైలం."

దారిన పోతున్న రైతు ఒకాయన తన ట్రక్కుతో కారును రోడ్డు మీదికి లాగి పెట్టాడు. ఉదయలక్ష్మి వెనక్కి తిరిగింది. మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరింది. "యూ ఆర్ హోమ్!" అని స్కూల్నుంచి వచ్చిన రుచిత మెడ చుట్టూ చేతులేసింది. ఇంట్లోంచే పనిచేస్తున్న ద్వారకానాథ్ "ఈ చలికి వేడివేడిగా ఉల్లిపాయ పకోడీలు పడితే ఎలా ఉంటుంది?" అన్నాడు. వేసింది. నలుగురూ టీవీ ముందు కూర్చుని తిన్నారు. చాలా రోజుల తరవాత ఇంట్లో ఎవరి మొహంలోనూ తన మీద ఫిర్యాదు లేదు. హాయిగా అనిపించింది. ఆ సమయానికి కొండ మీద ఆ పిల్ల ఒంటరిగా వణుకుతోంది. అది చలి వణుకు కాదు.

మర్నాడు బయల్దేరుతుంటే పై అధికారిణి హెలెన్ ఫోన్ చేసింది. రాత్రి రోడ్డు తెరిచాక పవన్ ఇంటికి వచ్చేసరికి అనన్య ఒళ్ళు కాలిపోతోందట, ఏం మాట్లాడుతోందో తెలియడం లేదట. పక్కన బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుని ఉందట. గర్భసంచిలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. హెలికాప్టర్‌లో కాన్‌బెర్రా తెచ్చి ఐసీయూలో పెట్టారు. "ప్రొసీజర్ ప్రకారమే చేశావు, వెళ్ళలేనప్పుడు ఫోన్ చేశావు. నీ తప్పు లేదు" అంది హెలెన్.

నుదుటి మీద చెయ్యి వేసి ఉంటే తెలిసేది. ఒక్కసారి, అరచెయ్యి అలా ఆనిస్తే చాలు. ఇరవై ఏళ్ళుగా ఆ చెయ్యి ఆ పనే చేస్తోంది. కాన్పయిన మనిషి వణుకుతుంటే మొదట జ్వరాన్నే అనుమానించాలని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది తనే. ఆ రోజు మాత్రం మంచు కదా అని అనన్య అంటే, మంచే కదా అని తనూ అనుకుంది. అలా అనుకుంటే వెనక్కి తిరగడానికి వీలుగా ఉంది కాబట్టి అనుకుంది.

ఇంట్లో అందరూ ఓదార్చారు. "వాతావరణానికి నువ్వేం చేస్తావ్? నీ తప్పేం లేదు" అన్నాడు ద్వారకానాథ్, నిజంగానే ప్రేమగా, టీ కప్పు తెచ్చి చేతికిచ్చి. "ఎవరి రాత వాళ్ళదమ్మా, నువ్వేం చేశావు?" అంది శేషుకుమారి. ఉదయలక్ష్మి వాళ్ళ మొహాలకేసి చూసింది. సాంబారులో ఉప్పెక్కువైతే ఆమె తప్పు. రుచితకు మార్కులు తగ్గితే, అత్తగారికి షుగర్ పెరిగితే, ద్వారకానాథ్ ఫైలు కనపడకపోతే ఆమె తప్పు. పెళ్ళయినప్పటి నుంచి ఈ ఇంట్లో తప్పు ఎప్పుడూ ఆమెదే. ఆమె కూడా కాదనలేదు, తలవంచుకుని మోసింది. ఇప్పుడు ఒక మనిషి ప్రాణం మీదికొచ్చిన ఈ ఒక్క తప్పూ ఆమెది కాదంటున్నారు. ఎందుకంటే దీన్ని ఆమెదంటే, ఆ తెల్ల కారు దగ్గరికీ ఆ టైర్ల దగ్గరికీ ఆ నవ్వుల దగ్గరికీ వెళ్ళాల్సి వస్తుంది. ఇన్నాళ్ళూ తనవి కాని తప్పులన్నీ మోసీ మోసీ అలిసిపోయి, నిజంగా తనదైన దాన్ని ఎక్కడ జారవిడుచుకుందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

వారం గడిచాక అనన్యను వార్డుకు మార్చారు. ఉదయలక్ష్మి చూడబోయింది. పెదాలు పగిలిపోయి, చేతుల మీద సూదుల మచ్చలు. పక్కన ఉయ్యాల మంచంలో బిడ్డ సీసా పాలు తాగి నిద్రపోతోంది.

"మీరేం జేస్తరక్కా. మంచు కదా" అంది అనన్య.

సరేనని ఊరుకోవచ్చు. అందరూ ఇచ్చిన మన్నింపే ఈమె కూడా ఇస్తోంది, తీసుకుని ఇంటికి పోవచ్చు. ఉదయలక్ష్మి కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుంది.

"మంచు కాదు అనన్యా. ఆ ఎత్తు కింద దాకా వచ్చాను. నా కారు ఎక్కలేదు. అది మంచులో పనికిరాదని కొనేనాడే నాకు తెలుసు. టైర్లు మార్చాలనీ తెలుసు. నువ్వు వణుకుతున్నానన్నప్పుడు చలేనని నమ్మాను. నమ్మకూడదు. అంబులెన్స్ పంపించాల్సింది."

అనన్య కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది. "తెలిసి మరి ఎందుకు కొన్నరక్కా?"

"మా ఆయనకు నచ్చింది."

నోట్లోంచి వచ్చాక ఆ మాట గదిలో అలాగే ఉండిపోయింది. వందలమంది బిడ్డల్ని ఈ లోకంలోకి లాగిన మనిషి, నలభై దాటిన మనిషి, ఇచ్చిన జవాబు అది. అనన్య బిడ్డ వైపు తిరిగింది. "నాకు పాలు ఆగిపోయినయక్కా" అంది మెల్లగా. ఉదయలక్ష్మి క్షమించమని అడగలేదు. అడిగితే ఆ పిల్ల క్షమించేస్తుంది. ఆ బరువు దించుకునే హక్కు తనకు లేదనిపించింది.

ఆ తరవాతి సెలవు రోజున ఎవరికీ చెప్పకుండా తెల్ల కారు తీసుకుని బయటికెళ్ళింది. మొదట చూసిన వ్యాగన్ ఎప్పుడో అమ్ముడైపోయింది. అలాంటిదే ఇంకొకటి దొరికింది, ఆకుపచ్చది, తలుపు మీద గీతలున్నది. సేల్స్‌మన్ ట్రాక్షన్ గురించి చెప్పబోతుంటే, "అది నాకు తెలుసు. కింద వంగి టైర్లు చూడనివ్వండి" అంది. టైర్ల షాపుకు వెళ్ళి, ముందే ఫోన్ చేసి తెప్పించిన, కొండ గుర్తున్న టైర్లు నాలుగూ బిగించేదాకా అక్కడే నిలబడి, చైన్లు తొడగడం వాళ్ళ ముందే రెండుసార్లు తొడిగి తీసి నేర్చుకుంది. చేతులు గ్రీజుతో నల్లబడ్డాయి. దీనితో అనన్యకు పాలు తిరిగి రావు, అది ఆమెకు తెలుసు. ఇది ప్రాయశ్చిత్తం కాదు, రేపు వెళ్ళాల్సిన ఇంకో ఇంటికి దారి.

సాయంత్రం ఇంటి ముందు కారు ఆపేసరికి ద్వారకానాథ్ చెత్తడబ్బా బయట పెట్టడానికి వచ్చాడు.

"ఎవరిదిది?"

"నాది."

"మన కారేది?"

"దీనికి బదులు ఇచ్చేశాను."

అతను కారు చుట్టూ తిరిగాడు. గీతలు చూశాడు, టైర్లు చూశాడు. మొహం ఎర్రబడింది. గుమ్మంలోకి శేషుకుమారి వచ్చి నిలబడింది. "అంత పెద్ద పని చేసే ముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదా ఉదయా?" అన్నాడు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది. ఆమెలో అలవాటైన ఆ పాత అపరాధభావం లేచి నిలబడింది. సారీ చెప్పు, ఇవాళ్టికి ఏదైనా మంచి కూర చెయ్యి, రేపు సర్దుకుంటుంది అంది. ఉదయలక్ష్మి దాన్ని అలా నిలబడనిచ్చింది. గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుంది.

"పోయినసారి అడిగాను కదండీ" అంది.