పక్క సీటు మాస్టారు

నలభై ఏళ్ళు డ్రైవింగ్ నేర్పిన మనిషి ఒక్కనాడూ స్టీరింగ్ పట్టుకోకపోవడం ఊళ్ళో అందరికీ వింతే. సైన్యంలో అంబులెన్స్ నడిపి, ముప్పై రెండో ఏట తిరిగొచ్చి డ్రైవింగ్ స్కూలు పెట్టాడాయన. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ ముందు, ఆయన పక్క సీట్లో, కాలు రెండో బ్రేకు మీద. అంతే. కారు షెడ్డులోంచి బయటికి తియ్యాలన్నా ఎవరో ఒకరు రావలసిందే.

"ఈత రానివాడు గట్టున కూర్చుని నేర్పినట్టుంది మీ వ్యవహారం" అని ఎదురింటి టైలరు ఎకసెక్కెమాడితే, "గట్టున కూర్చున్నవాడికే లోతు తెలుస్తుందయ్యా" అని నవ్వేసేవాడు. ఊరంతా ఆయన్ని పక్క సీటు మాస్టారనే పిలిచేది.

ఆయన పోయి నెలైంది. స్కూలు ఇప్పుడు కూతురి చేతిలో ఉంది. మాజీ సైనికుల సంఘం కార్యదర్శి ఫోను చేసి, ఆదివారం సంస్మరణ సభలో నాన్న గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నప్పుడు సరేనంది గానీ, కాగితం ముందేసుకుని కూర్చుంటే కలం కదల్లేదు. బూట్లు ఆయనే తుడుచుకునేవాడని రాసింది. "బ్రేకు కాలితో కాదమ్మా, కళ్ళతో వెయ్యాలి" అనేవాడని రాసింది. సైన్యంలో గడిపిన పన్నెండేళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు. ఎప్పుడడిగినా "చలి ఎక్కువ, టీ పలచన" అని తేల్చేసేవాడు.

"కాంపౌండరు గారిని అడగవే" అంది వాళ్ళమ్మ, బఠాణీలు ఒలుస్తూ. "సైన్యంలో నాన్న అంబులెన్సులో వెనక, దెబ్బలు తగిలినవాళ్ళ దగ్గర కూర్చునేది ఆయనే."

కాంపౌండరు అంత్యక్రియలకు వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిపోయాడు. అది గుర్తొచ్చి కూతురికి కాస్త బెరుగ్గానే ఉంది. అయినా మధ్యాహ్నం ఊరి రెండో చివరున్న ఆయన మందుల షాపుకు వెళ్ళింది. కత్తెరతో మాత్రల అట్టలు కత్తిరిస్తున్న ముసలాయన తలెత్తి చూశాడు.

"రామ్మా. ఆ కనుబొమలు అచ్చం మీ నాన్నవే." స్టూలు చూపించాడు. వచ్చిన పని విని, "మీ నాన్న నీకేం చెప్పాడు?" అనడిగాడు.

"చలి ఎక్కువ, టీ పలచన అని."

పకపకా నవ్వాడాయన. తర్వాత కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. లేచి షట్టరు సగానికి దించి వచ్చి కూర్చున్నాడు.

"కొండ మీద క్యాంపు నించి కింద ఆసుపత్రికి మూడు గంటల దారమ్మా. దారి అనడమే గానీ, అన్నీ రాళ్ళే. ఆ రోజు పొద్దున బండిలో ముగ్గురు. ఒకడికి కడుపులో దెబ్బ. ఇరవై ఏళ్ళు కూడా లేవు. వీణ్ణి ఎంత త్వరగా దింపితే అంత మంచిదని మీ నాన్నకి చెప్పింది నేనే. కానీ బండి ఎగిరినప్పుడల్లా వాడు పెట్టే కేకలు... నా చెయ్యి పట్టుకుని 'అన్నా, మెల్లగా పొమ్మను' అని ఒకటే బతిమాలడం. తట్టుకోలేకపోయాను. డ్రైవరు వెనకున్న అద్దం తట్టి, మెల్లగా పోనివ్వు అన్నాను. మీ నాన్న ఒక్కసారి వెనక్కి చూశాడు. వేగం తగ్గించాడు."

ఆమె స్టూలు కాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఆసుపత్రి గేటు దగ్గర పోయాడు ఆ కుర్రాడు. డాక్టరు గడియారం చూసి, పావుగంట ముందొస్తే దక్కేవాడేమో అన్నాడు. ఎందుకింత ఆలస్యమైందని ఆఫీసరు నిలదీశాడు. నేను నోరు తెరిచేలోపే మీ నాన్న, 'దారి బాగాలేదు సార్, నేనే మెల్లగా నడిపాను' అనేశాడు. రికార్డులో మందలింపు పడింది. మర్నాడే స్టోర్సుకు మార్చమని అడిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు."

"తర్వాతెప్పుడూ దీని గురించి మాట్లాడుకోలేదా మీరు?"

"కలిసినప్పుడల్లా ఈసారి కదుపుదామనుకునేవాణ్ణి. ఆయనేమో 'షాపెలా ఉందోయ్' అనేవాడు. నేను 'బానే ఉంది' అనేవాణ్ణి. అలాగే వెళ్ళిపోయాయి నలభై ఏళ్ళు."

ఇది సభలో చెప్పవచ్చా అని ఆమె మెల్లగా అడిగింది. కాంపౌండరు కత్తెర తీసి సొరుగులో పెట్టాడు.

"నువ్వొద్దమ్మా. చెప్పాల్సింది నేను."

ఆదివారం ఉదయం సంఘం హాల్లో ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు. సాకులు వెతుక్కోలేదు. చెప్పడం పూర్తయ్యాక కూడా నిలబడే ఉంటే, ముందు వరసలోంచి ఒక ముసలాయన లేచి తన కుర్చీ ఆయన వెనక్కి జరిపాడు. ఆ తర్వాత కూతురు బూట్ల గురించీ బ్రేకు గురించీ రెండు నిమిషాలు మాట్లాడింది. కాగితం మడిచి, వచ్చి కూర్చుంది.

ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. తల్లి ఆశ్చర్యపోలేదు.

"తెలుసు. పెళ్ళైన రెండో ఏడే చెప్పారు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"అది కాంపౌండరు గారి మాట కదే. ఆయన చెప్పుకోవాలి గానీ, మనమెలా బయట పెడతాం?"

"నాన్నకి ఆయన మీద కోపం లేదా?"

"కోపమా?" తల్లి ఆమె వైపు వింతగా చూసింది. "'పాపం వాడు అద్దం తట్టాడు. వాడు తట్టకపోయినా నేను తగ్గించేసేవాణ్ణే, ఆ కేకలు నాకూ వినిపిస్తూనే ఉన్నాయి' అన్నారు. అది చెప్పిన రోజు ఆయనకి అన్నం సహించలేదు. ఇంకెప్పుడూ ఎత్తలేదా మాట."

ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి షాపు సంగతులు మాట్లాడుకోవడం ఎన్నిసార్లు చూసిందో కూతురు. లేచి ఫోను తీసింది. అమ్మ అన్న మాటలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా కాంపౌండరుకి అప్పజెప్పింది.

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"'వాడు తట్టకపోయినా' అన్నాడా?"

"అవును మావయ్యా."

"ఇంకొక్కసారి చెప్పమ్మా" అన్నాడాయన. ఆమె మళ్ళీ మొదటి నించీ చెప్పింది.