జరీ పోగులు చేత్తోనే

మంగళగిరిలో మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే, దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటిగా అతకాలి. వెంకటరావమ్మ, నాగదుర్గ వేళ్లకు బూడిద రాసుకుని, ఎదురెదురుగా కూర్చుని ఆ పని చేసేవారు. ఎవరు ఎన్ని అతికినా కూలి చెరిసగం. ఒకరు జ్వరంతో గోడకు చేరబడి కూర్చున్న రోజునా అంతే.

షావుకారు మల్లేశ్వరరావు అతుకుల మిషన్ కొన్నాడు. దాని వాడకం తెలుగులో రాసి పక్కన అంటించారు. వాళ్లిద్దరిలో అది చదవగలిగింది ఈమధ్యే చదువు నేర్చుకున్న వెంకటరావమ్మ. మిషన్ ఆమె చేతికి వచ్చింది. దాని దగ్గర ఒక్క మనిషి చాలు. కూలి పెరిగింది గానీ, ఒక్కరికే.

సగం ఇవ్వబోతే నాగదుర్గ తీసుకోలేదు. తను చేయని పనికి వాటా ఏమిటంది. ఆమె ముఖం చూడలేక వెంకటరావమ్మ షావుకారుతో అబద్ధం చెప్పింది. మిషన్‌లో జరీ తెగిపోతోందనీ, చీర అంచుల్లోని జరీ పోగులు చేత్తోనే అతకాలనీ. ఆయన నమ్మాడు. అంచుల పని నాగదుర్గకు దక్కింది.

నాగదుర్గ ఆ మాట పేటంతా చెప్పుకుంది. "నీ మిషన్‌కి నూలు తప్ప ఏం తెలుసు వదినా? జరీ దగ్గరికొచ్చేసరికి నేనే కావాల్సొచ్చింది," అని ఎగతాళి చేసేది. వెంకటరావమ్మ తల వంచుకుని నవ్వేది.

ఒక ఉదయం నాగదుర్గ పక్కన కూతురు అక్షయ కూడా బూడిద వేళ్లతో కూర్చుని ఉంది. విజయవాడలో బట్టల కొట్టువాళ్లు బిల్లింగ్ పనికి సోమవారం నుంచి రమ్మన్నారట. తల్లే మాన్పించింది. జరీ పని ఎప్పటికీ చేతి పనే కదా, పిల్ల ఇంటిపట్టున ఉంటుందని.

వెంకటరావమ్మ మిషన్ ఆపి, అక్షయను మంచినీళ్లకు పంపింది.

"దుర్గా, పిల్లని ఆ కొట్టుకే పంపు. ఇది జరీ కూడా అతుకుద్ది."

"ఎవరన్నారు?"

"నేనే. తెగుద్దని చెప్పిందీ నేనే. నీకు పని ఉంటదని."

నాగదుర్గ చేతిలోని పోగు వదిలేసింది.

"నా చేతులు చూసి ఇచ్చారనుకున్నా వదినా," అంది. "నువ్వు జాలిపడి పెట్టావా?"

కూతురు రాకముందే లేచి వెళ్లిపోయింది. సోమవారం అక్షయ విజయవాడ బస్సెక్కింది. నాగదుర్గ మళ్లీ పనికి రాలేదు.

అంచుల సంగతేమిటని షావుకారు అడిగితే వెంకటరావమ్మ ఉన్నది చెప్పింది. తిడతాడనుకుంది. తిడితే కాస్త తేలికపడేదేమో. ఆయన సంబరపడి, వెనక వీధి మగ్గాల అతుకులు కూడా ఆమెకే ఇస్తానన్నాడు. అక్కడ ఇంకా ఇద్దరిద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటున్నారని ఆమెకు తెలుసు.

"సరేనండీ," అంది.