కాఫీ గిన్నె కింద రింగు

రిటైరవడానికి నెల ముందు ప్రొఫెసర్‌కు ఒక శిఖరం దొరికింది. గ్రాఫులో, ఏమీ ఉండకూడదని సిద్ధాంతం చెప్పిన చోట. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన అక్కడే వెతుకుతున్నారు.

బీటా క్షయంలో ఒక మూలకపు పరమాణు కేంద్రకం ఇంకో మూలకానిదిగా మారిపోతుంది. మారాక మిగిలిన శక్తిని గామా కిరణాలుగా వదులుతుంది. ఏ గామా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే, కేంద్రకం ఏ దారిన ఎన్నిసార్లు వెళ్లిందో తెలుస్తుంది. ఒక దారి దాదాపు మూసే ఉంటుందని ఈ క్షయాన్ని నడిపే 'బలహీన బలం' గురించిన సిద్ధాంతం అంటుంది. అది తెరిచి ఉందని చూపించడమంటే సిద్ధాంతాన్ని తప్పుపట్టడమే.

ఆదివారం పొద్దున, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని పేపరు చిత్తుప్రతి పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లింది. కొలతలు ఆమెవే. ఆయన సరేనంటే మర్నాడు సైన్సు పత్రికకు పంపాలి.

తలుపు ప్రొఫెసర్ భార్య తీసింది. "రామ్మా. మీ సారు పొద్దున్నుంచీ కిటికీకి అతుక్కుపోయారు. నా కోసం ఏనాడైనా ఇలా ఎదురుచూశారా అని అడగాలనుంది."

"నువ్వెప్పుడూ నాకంటే ముందే వచ్చేదానివి. ఎదురుచూసే అవకాశం ఇచ్చావా?" అన్నారాయన, చెయ్యి చాచి కాగితాలు అందుకుంటూ.

ఆవిడ కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించి తెచ్చి, బల్ల మీదున్న తెల్లటి రింగు మీద పెట్టింది.

"ఇన్నేళ్లలో ఆ ల్యాబు నుంచి ఇంటికి పనికొచ్చే వస్తువు ఇదొక్కటే వచ్చింది. కోటు ఉతకబోతే జేబులో దొరికింది. ఎంత వేడి పెట్టినా చెక్కుచెదరదు."

విద్యార్థిని రింగు అంచు చూసింది. అక్కడ చాకుతో పెట్టిన గాటు ఉంది. ఏ వైపు ముందుకు రావాలో తెలియడానికి తనే పెట్టింది.

ఆ రింగు ఉండాల్సింది ల్యాబులో, గామాలను లెక్కపెట్టే డిటెక్టర్ ముందు. గామాలు వదిలే పదార్థాన్ని, అంటే సోర్సును, దూరంగా నిలబెట్టేది అదే. సోర్సు దగ్గరైతే రెండు గామాలు ఒకేసారి డిటెక్టర్లో దూరడం ఎక్కువవుతుంది. డిటెక్టర్ రెండింటినీ కూడి ఒక్కటిగా రాస్తుంది. ఇద్దరు కలిసి కాటా ఎక్కితే ముల్లు ఒక భారీ మనిషిని చూపినట్టు. వాళ్ల శిఖరం ఉన్న చోటు అలాంటి మొత్తమే. ఆ సంగతి వాళ్లకు తెలుసు. అలా వచ్చేవాటిని లెక్కగట్టి తీసేశారు. తీసేసింది మాత్రం రింగు ఉందనుకుని. కొత్త సోర్సు పెట్టాక గామాల రాక జోరందుకుంటే, సోర్సు బలమైనదని ఇద్దరూ సంతోషించారు.

ప్రొఫెసర్ చివరి పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగారు. పెదవులు కదుపుతూ మళ్లీ చదువుకున్నారు.

"ఏమ్మా, చక్కెర ఎక్కువైందా?" అంది ఆవిడ.

"లేదు పిన్నీ." కప్పు పక్కన పెట్టింది. "సార్... ఈ రింగు ఇంటికెప్పుడొచ్చింది?"

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. ఒక చేత్తో గిన్నె ఎత్తి, రెండో చేత్తో రింగు తీశారు. బొటనవేలు గాటు దగ్గర ఆగింది.

"కొత్త సోర్సు పెట్టిన రోజు," అన్నారు. "తుడుద్దామని తీశాను."

గిన్నె ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"చెయ్యి కాలుతుందండీ, దించండి."

ఆయన చిత్తుప్రతిని దగ్గరికి లాక్కుని గిన్నె దాని మీద దించారు.

"అయ్యయ్యో, అది మీ పేపరు కదండీ!"

"ఇక కాదులే. పద అమ్మాయ్, ల్యాబుకు."

రింగు పెట్టి కొలత మళ్లీ మొదలుపెట్టారు. నెలాఖరు దాకా సాగింది. కలిసి వచ్చినవాటిని లెక్కగట్టి తీసేశాక శిఖరం ఉన్న చోట ఏమీ మిగల్లేదు.

"సిద్ధాంతమే నెగ్గింది సార్," అందామె, ఆయన వైపు చూడకుండా.

"నెగ్గనీ. దాన్ని ఇంత గట్టిగా ఎవరూ నొక్కి చూడలేదు. పేపర్లో ఆ మాట రాయి."

"రింగు సంగతి?"

"అదీ రాయి. నా జేబుతో సహా."

ఆఖరి రోజు గది ఖాళీ చేసి, వెళ్లేముందు ఆయన కోటు జేబులు రెండూ బయటికి లాగి చూపించారు. "చూసుకో తల్లీ. ఈసారి ఏమీ తీసుకెళ్లట్లేదు."

ఆమె సొరుగు తెరిచింది. వర్క్‌షాపులో కోయించిన కొత్త రింగు తీసి ఆయన జేబులో వేసింది.

"ఇది పిన్నికి. గాటు పెట్టలేదు."