నాలుగు వేళ్ల లెక్క

"మహిపాల్! ఆటో పిలువు బేటా, చాచాకు వణుకు మళ్లా వచ్చింది!"

కింది వాటాలోంచి ఖైరున్నీసా కేక. మహిపాల్ లాప్‌టాప్ సంచీతో మెట్లు దూకాడు. ఎనిమిదిన్నర. ఉప్పల్ ఆఫీసుకు బస్సు ఇక తప్పినట్టే.

మంచం మీద ఆమె భర్త గౌస్ చాచా. ఏడు నెలల కింద పక్షవాతం ఆయన కుడి చేతినీ మాటనూ తీసుకుపోయింది. ఇప్పుడు మిగిలిన ఎడమ చేతి వేళ్లు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి.

"ఈ చెయ్యి గూడ పోతుంది" అంది ఖైరున్నీసా, గదిలోని పాత కంప్యూటర్ ముందు నిలబడి. "మొన్న దవాఖానాల ఏం లేదన్నరు. నేను చదివితేనే వస్తుంది బేటా. ఆపితే ఆగుతది. నా చదువు ఈయనకు పడుతలేదు. బంద్ జెయ్యి ఆ డబ్బా. ఇగ నేను చదవ."

మహిపాల్ డబ్బా కట్టేయలేదు. నాచారంలోని ఆ గదిలో నలభై ఏళ్లు చాచా గొంతు రోజూ పొద్దున ఖురాన్‌లోని యాసీన్ సూరా చదివింది. మల్లాపూర్‌లో లేత్ మిషను మీదికి పోయే ముందు అదే ఆయన మొదటి పని. 2007 ఉగాది ముందు ఆ గొంతు పోయింది. అరబీ అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప రాని ఖైరున్నీసా, అరవై ఏళ్ల వయసులో, "నేను నేర్చి వినిపిస్త" అంది. అచ్చు ఖురాన్‌లోని సన్న గుర్తులు ఆమె కళ్లకు ఆనలేదు. వెబ్‌పేజీలు చేసే మహిపాల్ ఆమె కోసం ఒక పేజీ కట్టాడు. తెర నిండా పెద్ద అక్షరాలు. గొంతు సాగదీయాల్సిన మాట కింద ఎర్ర గీత. నేర్పే టీచరమ్మ కాన్పుకు పుట్టింటికి పోతూ ఆ గీతలన్నీ కాగితం మీద పెన్సిల్‌తో గీసిచ్చింది. అరబీ ఒక్క ముక్క రాని మహిపాల్ వాటిని తన లాప్‌టాప్‌లో అచ్చం దింపి, పేజీని ఈ పాత కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

"చదివితేనే వస్తదంటే నేను గూడ చూస్త, ఒక్క వరుస చదువు చాచీ. వేలు పెట్టి చదువు."

"నువ్వేమన్న డాక్టరువా? నీకు జరమొస్తే కషాయం నేను పోస్త!"

"ఒక్కటే వరుస. జర నా కోసం."

ఆమె తెర మీద వేలు పెట్టి మొదలుపెట్టింది. మొదటి మాట. రెండో మాట. మూడో మాట దగ్గర చాచా వేళ్లు ఒక్కొక్కటిగా ముడుచుకున్నాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు. ఆగాయి. ఖైరున్నీసా గొంతు అక్కడ సాగలేదు. వరుస చివరికొచ్చేటప్పుడు, ఎర్ర గీత దగ్గర సాగింది. చాచా మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇంకోసారి చాచీ."

మళ్లీ మూడో మాట. మళ్లీ నాలుగు వేళ్లు.

"చాచీ, వణుకైతే లెక్కపెట్టుకుంటదా?"

ఆమె తెర మీంచి వేలు తీసింది. "భువనగిరిల... చిన్నప్పుడు ఈయనకు ఉస్తాద్ గిట్లనే నేర్పిండంట. ఒక్కో వేలు ముడుస్తూ, ఎంతసేపు సాగదీయాల్నో. పెండ్లయిన కొత్తల చెప్పిండు." మంచం వైపు తిరిగింది. "అజీ... నాకు నేర్పుతున్నరా?"

మహిపాల్ సంచీలోంచి టీచరమ్మ కాగితం లాగాడు. దాంట్లో పెన్సిల్ గీత కుడి నుంచి మూడో మాట కిందే ఉంది. పాత కంప్యూటర్ తెర మీద ఎర్ర గీత ఎడమ నుంచి మూడో మాట కింద ఉంది. లాప్‌టాప్ తెరిచాడు. అదే పేజీ. గీత మూడో మాట కింద!

లాప్‌టాప్ ఆమె ముందు పెట్టాడు. "ఇందుల చూసి చదువు."

మూడో మాట దగ్గర ఆమె గొంతు సాగింది. నాలుగు వేళ్లు ఆ గొంతుతో పాటే ముడుచుకున్నాయి. వేళ్లు ఆగిన చోట గొంతూ ఆగింది. గోడవైపున్న మొహం మెల్లగా ఇటు తిరిగింది. ఆయన కళ్లలో నీళ్లు చూసి ఖైరున్నీసా కొంగుతో తుడిచింది, తన కళ్లు తుడుచుకోవడం మరిచిపోయి.

"నా నాలుక మొద్దు అనుకున్న. ఈయన చెయ్యి పోయిందనుకున్న" అంది. "మరి తప్పు ఎవనిది బేటా? గీ ముసలి డబ్బాదా?"

అవునంటే సరిపోయేది. ఈ కంప్యూటర్‌లోని పాత బ్రౌజర్‌కి కుడి నుంచి ఎడమకు నడిచే రాత సరిగ్గా రాదు. కుడి అంచు నుంచి కొలవమన్న గీతను ఎడమ నుంచి కొలిచింది. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. అక్కడ ఏ పేజీనీ మూడు బ్రౌజర్లలో చూడందే మహిపాల్ బయటికి పంపడు. ఇది ఇంటి పనే కదా అని ఒక్కదాంట్లో చూసి వదిలేశాడు.

అతను మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ముడిచిన ఆ నాలుగు వేళ్లు పట్టుకున్నాడు.

"డబ్బాది కాదు చాచీ. నీ నాలుకది కాదు. చాచా చేతిది కాదు. నాది. నీ కంప్యూటర్ల ఒక్కసారి గూడ చూడకుండ ఇచ్చిన. ఆ గీతలు తప్పు జేసింది నేనే."